బోరు, బారెల్, జిల్లా: మన దేశంలో తుపాకి లైసెన్స్ సేవ మీద సమీక్ష

తుపాకి కొనాలనుకునేవారు ముందు వెళ్లాల్సింది దుకాణానికి కాదు. కేంద్ర హోంశాఖ నడిపే ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్ (ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్) పోర్టల్‌లో అర్జీ పెట్టాలి. కలెక్టర్ దగ్గరో, పోలీస్ కమిషనర్ దగ్గరో లైసెన్స్ పుచ్చుకోవాలి. దుకాణం గడప తొక్కేది ఆ తర్వాతే. ఈ సమీక్ష ఆ వరుస మొత్తం మీద: పోర్టల్, ఆఫీసు, దుకాణం, చివరికి చేతికొచ్చే సరుకు. ముందే తీర్పు చెప్పేయాలంటే, చట్టం అనుకున్నంత గజిబిజి కాదు, పోర్టల్ ఫర్వాలేదు, ఆఫీసు పనితీరు జిల్లాకో రకం, సరుకు మాత్రం పెట్టిన డబ్బుకు తగ్గట్టు లేదు. ఐదుకు రెండున్నర.

ఈ రెండున్నర అందరికీ వర్తించదు. ఏ రకం ఆయుధం, ఏ అవసరానికి, ఏ జిల్లాలో, ఎంత మేర చెల్లాలి అనే నాలుగు గడులను మీరెలా నింపారన్నదాన్ని బట్టి ఒకరికి ఇదే సేవ సాఫీగా సాగుతుంది, ఇంకొకరి ఫైలు ఏళ్ల తరబడి కదలదు. పోర్టల్ ఆ గడుల్ని మామూలు డ్రాప్‌డౌన్‌లలా చూపించి ఊరుకుంటుంది. ఏది ఎంచుకుంటే ఫైలు ఎవరి బల్ల మీదకు పోతుందో చెప్పదు. ఈ సేవలో అతిపెద్ద లోపం ఇదే. కాబట్టి ఆ పని ఇక్కడ చేద్దాం.

ఆయుధం రకం: శక్తి కాదు, తూటా ముఖ్యం

మూలం రెండు: 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు. వాడుకలో అందరూ పీబీ, ఎన్‌పీబీ అంటారు. ప్రొహిబిటెడ్ బోర్ (నిషిద్ధ బోరు), నాన్ ప్రొహిబిటెడ్ బోర్ అన్నమాట. బోరంటే తుపాకి నాళి లోపలి కొలత. పీబీ అంటే ఎక్కువ ప్రమాదకరమైనదని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క అది కాదు. సైన్యం, పోలీసులు వాడే తూటా ఆ తుపాకిలో పడుతుందా లేదా అన్నదే కొలత. అందుకే .303 రైఫిల్, 7.62 ఎంఎం రైఫిల్, సర్వీస్ 9 ఎంఎం తూటా పట్టే పిస్టల్, .45 పిస్టల్, .380, .455 రివాల్వర్లు పౌరుడికి మామూలు దారిలో దొరకవు. ఆ పిస్టళ్లు, రివాల్వర్లకంటే .30-06 స్పోర్టింగ్ రైఫిల్ ఎన్నో రెట్లు బలమైనది. అయినా అది ఎన్‌పీబీ, కలెక్టర్ ఇవ్వగలడు. దారి తప్పిన ప్రభుత్వ తూటా బయట తుపాకిలోకి దూరకుండా చూడటం ఈ విభజన అసలు ఉద్దేశం.

పౌరులకు సాధారణంగా దొరికేవి ఇవి: .32 రివాల్వర్, .32 పిస్టల్, .22 రివాల్వర్, .22 రైఫిల్, .315 రైఫిల్, .30-06 రైఫిల్, 12 బోర్ సింగిల్ బారెల్, డబుల్ బారెల్, పంప్ యాక్షన్, ఇక నాళి ముందునుంచి మందు కూరే బర్మార్ తుపాకి. పీబీ ఎంచుకున్న అర్జీ ఢిల్లీలో హోంశాఖకు చేరుతుంది, తీవ్రవాదుల ముప్పు లాంటి గట్టి కారణం లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఫోన్‌లో బొమ్మలు చూసి 9 ఎంఎం మీద మోజుపడి ఆ గడి నొక్కితే కాలం వృథా.

బోరు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. ఇంకో రెండు గీతలున్నాయి, దుకాణంలో కూడా అందరూ వీటిని చెప్పరు. మొదటిది సెమీ ఆటోమేటిక్, అంటే ఒక్కోసారి కాల్చగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది. .32 పిస్టల్ సెమీ ఆటోమేటిక్కే, దానికి అభ్యంతరం లేదు, నియమాలు దాన్ని రివాల్వర్‌తో పాటు ఒకే వర్గంలో ఉంచాయి. కానీ 12 బోర్ సెమీ ఆటో, .22 సెమీ ఆటో రైఫిల్ పరిమిత ఆయుధాల వర్గంలోకి పోతాయి, అంటే మళ్లీ హోంశాఖే. చేత్తో ముందుకూ వెనక్కూ లాగే పంప్ యాక్షన్‌కు ఈ చిక్కు లేదు. రెండోది బారెల్ పొడవు. లోపల గాడులు లేని నున్నటి నాళి తుపాకి బారెల్ 20 అంగుళాలకు తగ్గితే అది కూడా పరిమిత వర్గమే. అమెరికాలో పద్దెనిమిది అంగుళాల పైచిలుకు బారెల్‌తో అమ్మే పొట్టి షాట్‌గన్లు ఇక్కడ ఎన్‌పీబీ లైసెన్స్ మీద చెల్లవు. తాతల నాటి డబుల్ బారెల్‌ను సౌకర్యంగా ఉంటుందని రంపంతో కోయించినవాళ్లున్నారు. కోత పడిన క్షణం నుంచి ఆ లైసెన్స్ ఆ తుపాకికి రక్షణ ఇవ్వదు, పైగా బారెల్ కురచ చేయడమే విడిగా నేరం.

ఎన్ని ఉంచుకోవచ్చు? 2019 సవరణకు ముందు మూడు, ఇప్పుడు రెండు. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ రెండులోకే లెక్క. అదే సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఇది మాత్రం వినియోగదారుకు నిజంగా కలిసొచ్చిన మార్పు.

కారణం గడి

చట్టంలో 13వ సెక్షన్ చదివితే ఒక సంగతి తెలుస్తుంది. 20 అంగుళాలకు తగ్గని నున్నటి నాళి తుపాకిని రక్షణకో క్రీడకో అడిగిన పౌరుడికి, పంట కాపాడుకోవడానికి బర్మార్ అడిగిన రైతుకు, గుర్తింపు పొందిన క్లబ్ సభ్యుడై గురి సాధనకు .22 రైఫిల్ అడిగినవాడికి ఇతరత్రా అనర్హత లేకపోతే లైసెన్స్ ఇవ్వాలన్నట్టుగానే మాటలు ఉన్నాయి. మిగతా అన్నిటికీ, అంటే రివాల్వర్, పిస్టల్, పెద్ద రైఫిల్‌కు, 'తగిన కారణం' ఉందని అధికారికి తృప్తి కలగాలి. ఈ రెండింటికీ తేడా చాలా పెద్దది. ఊరి బయట తోటలో ఇల్లున్నవారికి 12 బోర్ డబుల్ బారెల్ దారి చట్టప్రకారం వెడల్పు, .32 రివాల్వర్ దారి ఇరుకు. జనం నూటికి తొంభైమంది అడిగేది రెండోదే అనిపిస్తుంది ఆఫీసుల దగ్గర రద్దీ చూస్తే.

రివాల్వర్‌కు 2016 నియమాలు ముగ్గురిని ప్రత్యేకంగా గుర్తిస్తాయి: వ్యాపారం, వృత్తి, ఉద్యోగ స్వభావం వల్ల ప్రాణానికో ఆస్తికో నిజమైన రక్షణ అవసరం ఉన్నవారు, షూటింగ్ క్లబ్‌లో కనీసం రెండేళ్లుగా చురుకైన సభ్యులుగా ఉన్న క్రీడాకారులు, సైన్యం, కేంద్ర బలగాలు, రాష్ట్ర పోలీసుల్లో పనిచేస్తున్నవారు, పనిచేసినవారు. 'నాకు ప్రాణభయం ఉంది' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోదు. నగల వ్యాపారి అయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, సరుకు తీసుకెళ్లే తీరు, నగదు బ్యాంకుకు పోయే వేళలు రాయాలి. బెదిరింపు ఉంటే ఎఫ్‌ఐఆర్ నకలు, కనీసం స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు రశీదు పెట్టాలి. భూతగాదా కారణం చూపించేవారు ఒకసారి ఆలోచించుకోవాలి. తగాదాలో ఉన్నవాడికి తుపాకి ఎందుకివ్వాలన్నదే ఎస్సై మొదటి ప్రశ్న, అది సబబైన ప్రశ్న కూడా.

ఆస్తి పత్రాలు, ఐటీ రిటర్నులు అడగడం చాలాచోట్ల రివాజు. ఇస్తే నష్టం లేదు. కానీ తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని 14వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. తిరస్కరణ కాగితంలో ఆ మాటే కనిపిస్తే అప్పీలుకు మంచి ఆధారం.

అసలు అర్హతే లేనివారు: 21 ఏళ్లు నిండనివారు, హింసతోనో నైతిక పతనంతోనో కూడిన నేరంలో శిక్షపడి ఆ శిక్ష ముగిసి ఐదేళ్లు కానివారు, బైండోవర్ (గొడవలకు పోనని రాయించుకునే పూచీకత్తు) అమల్లో ఉన్నవారు. ఎన్నికల ముందు ఊళ్లలో గుంపుగా బైండోవర్ చేసినప్పుడు సంతకం పెట్టి మర్చిపోయినవారు చాలామంది. ఆ గడువు నడుస్తుండగా అర్జీ పెడితే వెరిఫికేషన్‌లో అక్కడే తేలుతుంది. గడువు ముగిసిందని తహసీల్దారు ఆఫీసులో నకలు తీసుకుని తర్వాత పెట్టండి.

పోర్టల్, వెరిఫికేషన్

పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా ఎంచుకుని వ్యక్తిగత లైసెన్స్‌కు ఏ-1 ఫారం నింపాలి. తెల్ల వెనకతెరతో ఫొటోలు, పుట్టినతేదీ రుజువు, ఆధార్, ఆధార్‌లో చిరునామా పాతదైతే ఇప్పటి నివాసానికి మరో రుజువు, మానసిక, శారీరక ఆరోగ్యం మీద ఎస్-3 నమూనాలో డాక్టర్ సర్టిఫికెట్, తుపాకిని భద్రంగా దాచే ఏర్పాటుపై హామీపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పూర్తిచేసినట్టు ఎస్-1 సర్టిఫికెట్ ఉండాలి. స్కాన్లు ఎక్కించాక ప్రింటు తీసి ఒరిజినల్స్‌తో ఆఫీసులో చూపించాలి. ఆన్‌లైన్ అని పేరే గాని, కాగితం కట్ట చేతిలో లేకుండా పని జరగదు.

తిరిగి వచ్చే అర్జీల్లో తరచూ కనిపించే తప్పులు: ఎస్-3 నమూనాలో మత్తుపదార్థాలకు అలవాటు లేదన్న వాక్యం డాక్టర్ వదిలేయడం, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉండటం, కారణం గడిలో ఒకటి, జతచేసిన లేఖలో మరొకటి రాయడం. పెండింగ్ కేసు దాచడం వీటన్నిటికంటే పెద్ద తప్పు. కేసున్నా లైసెన్స్ రావచ్చు. దాచి దొరికితే సమాచారం కప్పిపుచ్చిన కారణంతో వచ్చిన లైసెన్స్ కూడా రద్దవుతుంది.

ఫైలు అక్కడినుంచి పోలీసులకు పోతుంది. కేసులు, ఇరుగుపొరుగు అభిప్రాయం, ఇంట్లో తుపాకి దాచే చోటు చూస్తారు. బీరువాలో చీరల కింద అని చెబితే కుదరదు. గోడకో నేలకో బిగించిన, తాళం ఉన్న ఇనప పెట్టె ఉండాలి, తూటాలకు వేరే అర ఉంటే ఇంకా మంచిది. నియమాల ప్రకారం పోలీసు నివేదిక ముప్పై రోజుల్లో రావాలి, అది అందాక అరవై రోజుల్లో అధికారి నిర్ణయం చెప్పాలి. ఆచరణలో ఈ గడువులు పాటించే జిల్లాలు తక్కువ. నివేదిక రాకపోయినా గడువు దాటాక అధికారి తానే నిర్ణయం తీసుకోవచ్చని చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది, దాన్ని వాడే అధికారి అరుదు. వాడమని రాతపూర్వకంగా అడగడం మాత్రం మీ చేతిలో ఉంది. ఆ కాగితం తర్వాత హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే పనికొస్తుంది. తిరస్కరిస్తే కారణాలు రాసి ఇవ్వాలి, అప్పీలుకు 30 రోజులే గడువు.

మంజూరైతే యూఐఎన్ అనే విశిష్ట సంఖ్యతో లైసెన్స్ పుస్తకం వస్తుంది. ఆ సంఖ్య లేని పాత లైసెన్స్ ఇప్పుడు చెల్లదు. తండ్రి పేరుమీద పాత పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే. పోర్టల్‌కు ఇక్కడ మంచి మార్కులే పడతాయి: పాత రోజుల్లో వేరే రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్స్ అసలుదో నకిలీదో తేల్చడానికి నెలలు పట్టేది, ఇప్పుడు యూఐఎన్ కొడితే తెలుస్తుంది.

ఊరు మారితే లెక్క మారుతుంది

చట్టం కేంద్రానిది, దేశమంతా ఒకటే. సేవ మాత్రం ఒకటి కాదు. 2016 చివరినాటికి దేశంలో దాదాపు 33.7 లక్షల లైసెన్సులుంటే, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. అక్కడ పెళ్లి ఊరేగింపులో తుపాకి పేల్చడం ఆనవాయితీ. 2019 సవరణ ఆ వేడుక కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పెట్టింది. పంజాబ్ 2022 నవంబరులో పాత లైసెన్సులన్నీ తిరిగి పరిశీలించమని, కొత్తవి అసాధారణ సందర్భాల్లో తప్ప ఇవ్వొద్దని ఆదేశించింది. 2025 మేలో అస్సాం మంత్రివర్గం సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచి, ధుబ్రి, బార్పేట వంటి కొన్ని జిల్లాల్లో స్థానిక మూలవాసులకు లైసెన్సులు సులువు చేయాలని నిర్ణయించింది. చట్టం అందరికీ ఒకటే అయినా ఇన్ని తేడాలు.

అన్నిటికన్నా విచిత్రం మన పక్కనే కర్ణాటకలో ఉన్న కొడగు. అక్కడి కొడవ జాతివారికి, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదారులకు లైసెన్సే అక్కర్లేదు. మినహాయింపు పత్రం ఉంటే చాలు. బ్రిటిష్ కాలంనుంచి వస్తున్న ఈ మినహాయింపును కేంద్రం 2019లో పొడిగించింది, ఇది 2029 అక్టోబరు 31 వరకు అమల్లో ఉంటుంది. కర్ణాటక హైకోర్టు కూడా దీన్ని నిలబెట్టింది. అయితే ఇది జాతికీ భూమికీ కట్టిన హక్కు, మడికేరిలో కాఫీ తోట కొన్న మనవాళ్లకు వర్తించదు.

తెలుగు రాష్ట్రాల్లో ముందు తెలుసుకోవాల్సింది అధికారి ఎవరన్నది. జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్. కమిషనరేట్‌లో వెరిఫై చేసేదీ మంజూరు చేసేదీ ఒకే శాఖ కాబట్టి ఫైలు తక్కువ చేతులు మారుతుంది, కాదన్నా త్వరగా అంటారు. కలెక్టరేట్‌లో రెవెన్యూకీ పోలీసుకూ మధ్య తిరుగుతుంది, ఒక్కో చేతిమార్పుకు ఒక్కో ఆలస్యం.

అడవి దగ్గర ఉన్నవారు ఇంకో తలుపు దాటాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. నల్లమల అంచు గ్రామాలు, కవ్వాల్, ఏటూరునాగారం చుట్టుపక్కల ఊళ్లు దీనికిందకు వస్తాయి. పోర్టల్‌లో ఈ సమ్మతికి గడి కనిపించదు. ఫైలు చివరిదాకా పోయి అప్పుడు అటవీశాఖకు మళ్లుతుంది. ముందే సర్వే నంబరు పటంతో అటవీశాఖకు అర్జీ పెట్టుకుంటే మేలు. అదే నియమం జాతీయ పార్కులకూ వర్తిస్తుంది. హైదరాబాద్ నడిబొడ్డున కేబీఆర్ పార్కు కూడా జాతీయ పార్కేనని గుర్తుకొస్తే, కాగితం మీద బంజారాహిల్స్ ఏ వరుసలో నిలబడుతుందో మీరే ఊహించుకోండి.

అడవిపందుల బాధపడే రైతులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పంట రక్షణ లైసెన్స్ తుపాకి దగ్గర పెట్టుకోవడానికే. జంతువును కాల్చడానికి అది అనుమతి కాదు. దానికి వన్యప్రాణి చట్టం కింద విడిగా ఉత్తర్వు ఉండాలి, అది లేకుండా కాలిస్తే తుపాకీ పోతుంది, కేసూ పడుతుంది.

చెల్లుబాటు ప్రాంతం గడి చాలామందిని ఇబ్బంది పెడుతుంది. తెలంగాణకే చెల్లే లైసెన్స్‌తో అలంపూర్ దాటి, తుంగభద్ర వంతెన ఎక్కి కర్నూలులో దిగితే, చేతిలో ఉన్నది లైసెన్స్ లేని తుపాకితో సమానం. దేశమంతా చెల్లుబాటు కావాలంటే తరచూ రాష్ట్రాలు దాటే పని ఉందని టికెట్లు, బిల్లులు, కాంట్రాక్టులతో చూపించాలి, అది పైస్థాయి నిర్ణయం. హైదరాబాద్‌లో కాపలా ఉద్యోగాలకు ఉత్తరాదినుంచి సొంత తుపాకులతో వచ్చే గార్డులను పెట్టుకునే సంస్థలు ఈ గడిని తప్పనిసరిగా చూడాలి. అలాగే యజమాని తుపాకిని గార్డు మోయాలంటే లైసెన్స్‌లో అతని పేరు రిటైనర్‌గా నమోదు కావాలి. డ్రైవర్ చేతికి 'కాసేపు పట్టుకో' అని ఇవ్వడం కూడా నేరమే.

దుకాణం, సరుకు

రెండున్నర మార్కులకు పడిపోవడానికి ముఖ్య కారణం ఈ భాగం. పేరున్న షూటర్లకు తప్ప మామూలు పౌరుడికి విదేశీ తుపాకి దిగుమతి లేదు. కాబట్టి కొత్తగా కొనాలంటే ఎక్కువగా ప్రభుత్వ కర్మాగారాల సరుకే. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ (అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా) కిందకు వచ్చాయి. ప్రైవేటులో యూపీలోని సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో .32 రివాల్వర్ తయారవుతోంది.

కాన్పూర్ .32 రివాల్వర్ 'నిర్భీక్' 2014లో స్త్రీల కోసమని వచ్చింది. టైటానియం మిశ్రమ లోహం, అర కిలో బరువు, ఆరు తూటాలు, అప్పటి ధర 1.22 లక్షలు. చేతిసంచిలో పడుతుంది నిజమే. కానీ తేలికైన చట్రం, కురచ బారెల్, బరువైన ట్రిగ్గర్, ఈ మూడూ కలిస్తే కొత్తవారి చేతిలో గురి నిలవదు. చిన్న .22 'నిడర్' పావుకిలో బరువు, ధర తక్కువ, ఆపే శక్తి ఇంకా తక్కువ. 2023 ఆగస్టులో వచ్చిన 'ప్రబల్' వీటిలో మెరుగు. ఖాళీగా 700 గ్రాములు, 76 మిల్లీమీటర్ల బారెల్, ముఖ్యంగా తూటాలు పెట్టే సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పాత .32 నమూనాలు నడుము దగ్గర విరిచి తెరిచేవి, వాడగా వాడగా కీలు వదులై సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య సందు పెరుగుతుంది, కాల్చినప్పుడు పక్కలకు నిప్పురవ్వలు చిమ్ముతాయి. కొత్త రివాల్వరే కావాలంటే ప్రబల్ వైపే మా మొగ్గు.

ధర మీద పన్ను వేరే దెబ్బ. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్లమీద జీఎస్టీ 28 శాతం నుంచి 40కి పెరిగింది. పాన్ మసాలా వరుసలో నిలబెట్టారు. పైన చెప్పిన దిగుమతి నిషేధం వల్ల పాత వెబ్లీలు, వాల్తర్ల సెకండ్‌హ్యాండ్ ధరలు ఆకాశంలో ఉన్నాయి. పేరుకోసం తప్ప పనికోసం అయితే ఆ డబ్బు దండగ.

పాత 12 బోర్ కొనేవారు బారెల్ లోపల వెలుతురు పెట్టి సొట్టలు, తుప్పు గుంటలు చూడాలి. తర్వాత ఛాంబర్ (నాళి మొదట్లో తూటా కూర్చునే చోటు) పొడవు కొలవాలి. పాత ఇంగ్లిష్ తుపాకుల్లో చాలావాటి ఛాంబర్ 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటాలు ఎక్కువగా 70. పొడవైన తూటా పొట్టి ఛాంబర్‌లో మూసుకుపోతుంది, అందుకే సరిపోయిందనుకుంటారు. కాల్చినప్పుడు తూటా ముందుకొన మడత విప్పుకోవడానికి చోటులేక ఒత్తిడి పెరిగి బారెల్ చీలే ప్రమాదం ఉంది. రివాల్వర్‌లో అయితే ముందు ఖాళీగా ఉందని ఖాయం చేసుకుని, ట్రిగ్గర్ వెనక్కు పట్టి ఉంచి సిలిండర్‌ను మెల్లగా కదిపి చూడాలి. ఇటూ అటూ ఎక్కువ ఆడితే తూటా బారెల్‌కు సూటిగా అందదు.

.32 అని రాసున్నంత మాత్రాన అన్ని .32 తూటాలూ ఒకటి కావు. రివాల్వర్‌కు పడేది అంచున్న .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పిస్టల్‌కు .32 ఏసీపీ. లైసెన్స్ పుస్తకంలో గుమాస్తా ఉత్త '.32' అని రాస్తే తూటాలు కొనేటప్పుడు చిక్కొస్తుంది, అక్కడికక్కడే సరిచేయించుకోండి. ఒకసారికి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అన్న రెండు అంకెలూ పుస్తకంలో ఉంటాయి, దుకాణదారు ప్రతి కొనుగోలూ అందులో రాయాలి. కొన్న తుపాకిపై చెక్కిన సంఖ్య, బిల్లులో సంఖ్య, పుస్తకంలో సంఖ్య మూడూ ఒకటేనని దుకాణంలోనే సరిచూసుకుని, గడువులోపు తుపాకిని అధికారికి చూపించి ముద్ర వేయించుకోవాలి.

అమెరికా నుంచి ఇంటికి తిరిగొచ్చేవాళ్లు అక్కడ కొన్న పిస్టల్ వెంట తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. మామూలు బ్యాగేజీ మినహాయింపులో తుపాకికి చోటు లేదు. ఇక్కడి లైసెన్స్ చేతిలో లేకుండా విమానం ఎక్కించకూడదు, పైగా అక్కడ అందరి దగ్గరా ఉండేది 9 ఎంఎం, అది ఇక్కడ పీబీ. అక్కడే అమ్మేసి రావడం తెలివైన పని.

ఎయిర్ గన్

లైసెన్స్ తలనొప్పి లేకుండా గురి సాధన చేయాలంటే ఇదే సులువైన దారి. .177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్లు, మించకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. రెండు షరతులూ కలిసి ఉండాలి. .22 బోరు ఎయిర్ రైఫిల్ ఎంత బలహీనమైనదైనా లైసెన్స్ కావాలి. ఇది తెలియక ఆన్‌లైన్‌లో .22 ఆర్డరు పెట్టి ఇబ్బందిపడేవాళ్లు చాలామంది. బలమైన స్ప్రింగు మార్పించి శక్తి పెంచినా గీత దాటినట్టే. కొనేటప్పుడు బిల్లు మీద బోరు, జౌల్స్ రాయించుకుని దాచండి. పిట్టల్ని కొట్టడానికి ఇది కూడా పనికిరాదు, వన్యప్రాణి చట్టం తుపాకి రకం చూడదు.

వదిలించుకోవడం, వారసత్వం

పునరుద్ధరణకు గడువుకు కనీసం రెండు నెలల ముందే అర్జీ పెట్టాలి. గడువు దాటిన రోజు నుంచి ఇంట్లో తుపాకి అక్రమం, కాబట్టి ఆలస్యమైతే స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న దుకాణంలోనో జమచేసి రశీదు తీసుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్లో పెట్టే తుపాకికి ముందు నూనె రాసి, ఫొటోలు తీసి, సంఖ్యతో రశీదు రాయించుకోండి. మాల్‌ఖానా (స్టేషన్‌లో సామాను దాచే గది) తేమకు రెండు నెలల్లో తుప్పు పడుతుంది.

అమ్మాలంటే కొనేవాడికి అదే రకానికి లైసెన్స్ ఉండటం ఒక్కటే చాలదు. కలెక్టర్‌కో దగ్గరి స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే తుపాకి చేతులు మారాలి. ఈలోగా అడ్వాన్సు పుచ్చుకున్నా తుపాకి మాత్రం మీ పెట్టెలోనే ఉండాలి.

వారసుడికి ఇవ్వడానికి యజమాని చనిపోయేదాకా ఆగక్కర్లేదు. యజమానికి 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి తన దగ్గర పాతికేళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు వారసుల్లో ఒకరి పేరు చెప్పి బదిలీకి అర్జీ పెట్టవచ్చు. ఈ వెసులుబాటు వాడుకునేవారు చాలా తక్కువ. పెద్దాయన పోయాక అయితే తుపాకిని వెంటనే జమచేయాలి, మరణ ధృవీకరణ, వారసుల సర్టిఫికెట్, మిగతా వారసులందరి నిరభ్యంతర పత్రాలు కావాలి. అన్నదమ్ముల్లో ఒకరు న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే ఆ పత్రం అక్కడి మన కాన్సులేట్‌లో ధృవీకరించి పంపించుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన స్కాన్‌ను కలెక్టరేట్ తీసుకోదు.